ముందు నిల్వ, తరువాతే యంత్రం: విశ్వవిద్యాలయ పరిశోధకులకు కంప్యూటింగ్ వనరుల ఎంపిక

వ్యవసాయ పరిశోధనకు కంప్యూటర్ అవసరమా అన్న ప్రశ్న ఏనాడో ముగిసింది. డ్రోన్లు తీసే పొలం చిత్రాలు, ఉపగ్రహ చిత్రాలు, వంగడాల జన్యుక్రమాలు, స్వయంచాలిత వాతావరణ కేంద్రాల నమోదులు, పంట పెరుగుదల నమూనాలు మొదలైనవన్నీ గణన శక్తి మీద ఆధారపడినవే. అందువలన ప్రాజెక్టు ప్రతిపాదనలలో పరికరాల పద్దు కింద సర్వర్లు, వర్క్‌స్టేషన్లు, గ్రాఫిక్ ప్రాసెసర్లు చోటుచేసుకోవడం సహజమైంది. అయితే అదే ప్రతిపాదనలలో దత్తాంశాలను ఎక్కడ భద్రపరుస్తారు, ఎన్ని ప్రతులు ఉంచుతారు, ప్రాజెక్టు ముగిసిన తరువాత వాటి బాధ్యత ఎవరిది అన్న అంశాలకు రెండు వాక్యాలకు మించి చోటు దొరకదు. యంత్రం ధర రూపాయలలో సహా తేలుతుంది. ఆ యంత్రం పనిచేయవలసిన దత్తాంశాల భవిష్యత్తు మాత్రం తేలకుండానే మిగులుతుంది.

ఈ వరుస తలక్రిందులైనదని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. గణన శక్తిని అరువు తెచ్చుకోవచ్చు, అద్దెకు తీసుకోవచ్చు, రెండేళ్లు ఆగితే ఇంకా చౌకగా కొనుక్కోవచ్చు. గడిచిపోయిన వానాకాలాన్ని మాత్రం ఎంత ధర చెల్లించినా తిరిగి కొనలేము. కాబట్టి విశ్వవిద్యాలయం వెచ్చించే తొలి రూపాయి నిల్వకు, వివరణకు, సంరక్షణకు చేరాలి. గణన యంత్రాల ఎంపిక ఆ తరువాతి మెట్టు.

ఫిసల్‌బండలో మొదలైన ఒక పని

ఈ వాదానికి బలమైన ఉదాహరణ హైదరాబాద్ పాతబస్తీలోనే ఉంది, అయితే అది వ్యవసాయానికి సంబంధించినది కాదు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో 15 అంగుళాల దూరదర్శినిని ఇంగ్లండ్ నుండి తెప్పించి పాతబస్తీలోని ఫిసల్‌బండలో వేధశాలను నెలకొల్పారు. ఆయన 1907లో మరణించగా, మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం దానిని స్వాధీనపరచుకుంది. కాలక్రమంలో వేధశాల బేగంపేటకు తరలింది; 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అనుబంధమైంది. నిజామియా వేధశాలగా చరిత్రకెక్కినది ఇదే.

ఆ కాలంలో ప్రపంచంలోని పలు వేధశాలలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకొని ఛాయాచిత్ర పలకల మీద నక్షత్రాల స్థానాలను కొలిచే బృహత్కార్యాన్ని చేపట్టాయి. దక్షిణ ఆకాశంలో 17 నుండి 23 డిగ్రీల వరకు ఉన్న పట్టీ హైదరాబాద్ వంతుకు వచ్చింది. అక్కడి సిబ్బంది లక్షల సంఖ్యలో నక్షత్రాల స్థానాలను చేతితో కొలిచి, చేతితో లెక్కకట్టి, సంపుటాలుగా అచ్చువేయించారు. ఆనాటి గణన యంత్రం మనిషే.

ఆ సంపుటాలు దశాబ్దాల పాటు గ్రంథాలయాల అరలలోనే ఉండిపోయాయి. 1989లో ఐరోపా అంతరిక్ష సంస్థ ప్రయోగించిన హిప్పార్కస్ ఉపగ్రహం నక్షత్రాల స్థానాలను మునుపెన్నడూ లేనంత కచ్చితంగా కొలిచింది. అయితే నక్షత్రం ఏ దిశలో, ఎంత వేగంతో కదులుతున్నదో తెలియాలంటే ఒకే కాలంలో తీసుకున్న కొలత చాలదు. పాత కొలత కూడా కావాలి. 2000లో వెలువడిన టైకో-2 పట్టికలో సుమారు 25 లక్షల నక్షత్రాల చలనాలను గణించడానికి శతాబ్దం నాటి ఆ ఉమ్మడి సంపుటాలే ప్రధాన ఆధారమయ్యాయి. వాటిలో హైదరాబాద్ కొలతలు కూడా ఉన్నాయి.

ఆనాటి కొలత పరికరాలు ఈనాటి పరిశోధనకు పనికిరావు. లెక్కలు కట్టిన పద్ధతి కూడా పాతబడింది. సంఖ్యలు మాత్రం నిలిచాయి. అవి నిలవడానికి నాలుగు కారణాలు కనిపిస్తాయి. అన్ని వేధశాలలు ముందే అంగీకరించిన ఒకే పద్ధతిలో కొలిచాయి. ప్రతి పలకను ఏనాడు తీశారో, ఆ కొలతను ఆకాశ స్థానంగా మార్చే సూత్రం ఏదో సంఖ్యలతోపాటే అచ్చువేశారు. ఆ అచ్చు ప్రతులు ఒక్కచోట కాకుండా అనేక దేశాల గ్రంథాలయాలలో నిలిచాయి. ఏ ప్రత్యేక యంత్రమూ లేకుండా ఎవరైనా వాటిని చదవగలరు. ఏకరూపత, వివరణ, అనేక ప్రతులు, సులభ పఠనీయత అనే ఈ నాలుగు లక్షణాలే నేటికీ దత్తాంశ నిల్వ ఎంపికకు గీటురాళ్లు.

సంతోష్‌నగర్ నుండి జగిత్యాల వరకు

ఫిసల్‌బండకు సమీపంలోనే, పాతబస్తీ తూర్పు అంచున ఉన్న సంతోష్‌నగర్‌లో కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ ఉంది. 1970లో ఆరంభమైన అఖిల భారత సమన్విత మెట్ట వ్యవసాయ పరిశోధనా పథకం నుండి ఎదిగి, 1985లో అది పూర్తిస్థాయి సంస్థగా ఏర్పడింది. 1983లో మొదలైన అఖిల భారత సమన్విత వ్యవసాయ వాతావరణ పరిశోధనా పథకానికి సమన్వయ కేంద్రం కూడా అక్కడే ఉంది. దేశంలోని 25 కేంద్రాలు ఆ పథకంలో భాగస్వాములు.

ఇటువంటి పథకాల దత్తాంశాలకు ఎంత చోటు కావాలో చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. ఒక కేంద్రం రోజుకు 10 వాతావరణ అంశాలను చొప్పున 40 ఏళ్లు నమోదు చేస్తే 1,46,000 సంఖ్యలవుతాయి. 25 కేంద్రాలకు కలిపి 36,50,000 సంఖ్యలు. ఒక్కొక్క సంఖ్యకు 10 అక్షరాల చోటు ఇచ్చినా మొత్తం 37 మెగాబైట్లకు మించదు. మొబైల్ ఫోనుతో తీసిన పది ఫొటోలు ఆక్రమించే చోటు అది. దానిని తిరిగి సృష్టించాలంటే మాత్రం మరో 40 ఏళ్లు, 25 కేంద్రాలు, వందలాది సిబ్బంది కావాలి. అప్పుడు కూడా దొరికేది వేరే 40 ఏళ్ల వాతావరణమే. దత్తాంశం విలువకు, అది ఆక్రమించే చోటుకు పొంతన లేదని గ్రహించడానికి ఈ ఒక్క లెక్క చాలు.

దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాల విషయమూ ఇంతే. 1970-71లో దేశవ్యాప్తంగా ఆరంభమైన ఈ ప్రయోగాలలో జగిత్యాల కేంద్రం 2000-01 నుండి వరి-వరి పద్ధతిని అధ్యయనం చేస్తోంది. ఒక మడిలో పాతికేళ్లుగా పశువుల ఎరువు వేస్తున్నారంటే, ఆ పాతికేళ్ల నమోదులో ఒక్క ఏడాది లోపించినా గొలుసు తెగినట్లే. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో 1843లో మొదలైన బ్రాడ్‌బాక్ గోధుమ ప్రయోగం నేటికీ సాగుతోంది. 1919లో ఫిషర్ అక్కడ చేరేనాటికి ముప్పావు శతాబ్దపు దిగుబడి వివరాలు పోగుపడి ఉన్నాయి. ఆయన వద్ద ఉన్న గణన సాధనం చేత్తో తిప్పే లెక్కల యంత్రం. నేటి విద్యార్థులు ప్రతి క్షేత్ర ప్రయోగంలో వాడే విచరణ విశ్లేషణ అటువంటి సాధనంతోనే, అటువంటి పాత దత్తాంశాల మీద కృషి చేస్తున్న దశలోనే రూపుదిద్దుకుంది. యంత్రం స్వల్పం, దత్తాంశం అమూల్యం అన్న స్థితిలో కూడా గొప్ప పరిశోధన జరిగింది. యంత్రం గొప్పది, దత్తాంశం శిథిలం అన్న స్థితిలో అది సాధ్యం కాదు.

ఎంపికకు ముందు వేసుకోవలసిన మూడు ప్రశ్నలు

ఏ వనరును కొనాలి, దేనిని అద్దెకు తీసుకోవాలి, దేనిని ఉమ్మడిగా వాడుకోవాలి అన్నది మూడు ప్రశ్నలతో చాలావరకు తేలుతుంది.

మొదటిది: ఈ దత్తాంశం నశిస్తే తిరిగి పొందగలమా? ఉపగ్రహ చిత్రాలను అవి విడుదలయ్యే చోటు నుండి మళ్లీ దింపుకోవచ్చు. విత్తనం భద్రంగా ఉంటే జన్యుక్రమాన్ని ఖర్చుతోనైనా మళ్లీ నిర్ణయించవచ్చు. నమూనా గణన ఫలితాలను మూల దత్తాంశం, ప్రోగ్రాము ఉంటే మళ్లీ రాబట్టవచ్చు. మడివారీ దిగుబడి, తెగులు తీవ్రత, నేల తేమ, పూత తేదీ, రైతు సర్వేలో వచ్చిన జవాబు వంటివి మాత్రం ఒక్కసారే లభిస్తాయి. చోటు తక్కువ తీసుకునేవి ఇవే, తరచుగా పోయేవీ ఇవే. అత్యుత్తమ భద్రత వీటికే దక్కాలి.

రెండవది: యంత్రం ఏడాదిలో ఎన్ని రోజులు పనిచేస్తుంది? వ్యవసాయ పరిశోధనలో గణన అవసరం కూడా పంటలాగే ఋతువును బట్టి వస్తుంది. కోతలు ముగిసిన తరువాత, వార్షిక నివేదికలకు ముందు, సిద్ధాంత గ్రంథం సమర్పించే నెలల్లో రద్దీ ఉంటుంది. మిగిలిన కాలమంతా యంత్రం ఖాళీగా ఉంటుంది. ఏడాదికి 40 రోజులు వాడే సర్వర్ సామర్థ్యంలో 11 శాతమే సద్వినియోగమైనట్లు లెక్క. కిలోవాట్ విద్యుత్తు తీసుకునే సర్వర్ ఏడాది పొడవునా వెలుగుతుంటే 8,760 యూనిట్లు ఖర్చవుతాయి. గదిని చల్లబరచడానికి అందులో సగం కలిపితే 13,000 యూనిట్లు దాటుతుంది. యూనిట్‌కు 8 రూపాయల చొప్పున చూసినా ఏటా లక్ష రూపాయల పైమాటే. ఈ లక్ష ఏ ప్రాజెక్టు ప్రతిపాదనలోనూ కనిపించదు.

మూడవది: ప్రాజెక్టు ముగిసిన మరునాడు దీనికి జవాబుదారీ ఎవరు? పరిశోధక విద్యార్థి పట్టా పుచ్చుకొని వెళ్లిపోతాడు. శాస్త్రవేత్త మరో పరిశోధనా స్థానానికి బదిలీ అవుతారు. ప్రధాన పరిశోధకులు పదవీ విరమణ చేస్తారు. పాస్‌వర్డ్ ఒక్కరికే తెలిసిన సర్వర్, ఒక్కరి సొంత ఈమెయిల్‌కు ముడిపడిన క్లౌడ్ ఖాతా, బీరువాలో ఉన్న హార్డ్‌డిస్క్ అన్నీ ఆ వ్యక్తితోపాటే సంస్థకు దూరమవుతాయి. సంస్థలు కూడా మారుతుంటాయి. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంగా పుట్టిన సంస్థ 1996లో ఆచార్య ఎన్.జి. రంగా పేరును స్వీకరించింది. 2005లో పశువైద్యం, 2007లో ఉద్యానం వేరు విశ్వవిద్యాలయాలయ్యాయి. 2014లో రాష్ట్ర విభజనతో రాజేంద్రనగర్‌లో ఆచార్య జయశంకర్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఒక ఉద్యోగి సేవాకాలంలోనే ఇన్ని మార్పులు వచ్చాయి. కాబట్టి దత్తాంశానికి గుర్తింపు ప్రయోగంతో, పరిశోధనా స్థానంతో, సంవత్సరంతో ముడిపడాలి. వ్యక్తి పేరుతోనో, విభాగపు కంప్యూటర్ పేరుతోనో ముడిపడకూడదు.

గణన వనరులు: ఉన్నవాటిని వాడుకోవడం

క్షేత్ర ప్రయోగాల గణాంక విశ్లేషణలో అత్యధిక భాగానికి సాధారణ కంప్యూటర్ సరిపోతుంది. మూడు పునరావృతాలు, పన్నెండు ట్రీట్‌మెంట్లు ఉన్న ప్రయోగానికి సర్వర్ అక్కరలేదు. ఆర్, పైథాన్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లతో ఆ పని నిమిషాలలో ముగుస్తుంది. ఇక్కడ లోపించేది యంత్ర శక్తి కాదు, శిక్షణ.

రెండవ అంచెలో డ్రోన్ చిత్రాలు వస్తాయి. ఒక్కసారి ఎగురవేస్తే 8 మెగాబైట్ల చొప్పున 500 చిత్రాలు, అంటే 4 గిగాబైట్లు. వారానికొకసారి చొప్పున 16 వారాలకు 64 గిగాబైట్లు. ఇటువంటి పది ప్రయోగాలు ఏటా రెండు పంటకాలాలలో సాగితే అయిదేళ్లకు 6.4 టెరాబైట్లు. వీటిని అతికి పటాలుగా మార్చడానికి మంచి గ్రాఫిక్ ప్రాసెసర్ ఉన్న వర్క్‌స్టేషన్ కావాలి. అయితే ప్రయోగశాలకొకటి అవసరం లేదు. కళాశాలకు రెండు ఉంచి, వరుసక్రమం రాసే పట్టిక పెడితే ఎక్కువమందికి అందుతాయి.

మూడవ అంచె జన్యుక్రమాలది. వరి జన్యురాశిలో సుమారు 39 కోట్ల అక్షరాలుంటాయి. 30 రెట్ల లోతుతో ఒక వంగడాన్ని చదివిస్తే, కుదించిన తరువాత కూడా దస్త్రం పది గిగాబైట్ల పరిసరాలలో ఉంటుంది. 200 వంగడాలకు రెండు టెరాబైట్లు. ఈ స్థాయి పనికి జాతీయ వనరులున్నాయి. న్యూఢిల్లీలోని భారత వ్యవసాయ గణాంక పరిశోధనా సంస్థలో 2014 నుండి ‘అశోక’ సూపర్ కంప్యూటింగ్ కేంద్రం ఉంది. 2015లో ఆరంభమైన జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్ కింద హైదరాబాద్ ఐఐటీలో 838 టెరాఫ్లాప్‌ల ‘పరమ్ సేవ’ నెలకొంది. పాతబస్తీ నుండి కంది వరకు ప్రయాణం రెండు గంటల లోపే. జీవశాస్త్ర దత్తాంశాలను దాచడానికి ఫరీదాబాద్‌లో భారతీయ జీవ దత్తాంశ కేంద్రం 2022 నుండి పనిచేస్తోంది. అటువంటి కేంద్రంలో సమయం కోరుతూ దరఖాస్తు రాయడం నేర్చుకున్న విద్యార్థి, తన విభాగం మరో సర్వర్ కొనేవరకు వేచి ఉండనక్కరలేదు.

వాణిజ్య క్లౌడ్ సేవలకూ తగిన చోటు ఉంది. నెలలో పది రోజులు మాత్రమే పెద్ద యంత్రం కావలసివస్తే అద్దె మేలు. అయితే లోనికి పంపడం ఉచితమైనా, దత్తాంశాన్ని వెలుపలికి తీసుకోవడానికి చాలా సేవలు రుసుము వసూలు చేస్తాయి. యంత్రాన్ని ఆపడం మరచిపోతే బిల్లు పెరుగుతూనే ఉంటుంది. ఉచితంగా వచ్చినది ఎల్లకాలం ఉచితంగా ఉంటుందన్న నమ్మకం కూడదు. విద్యాసంస్థలకు పరిమితి లేకుండా నిల్వ ఇస్తూ వచ్చిన గూగుల్, 2021లో విధానం మార్చి మొత్తం సంస్థకు ఉమ్మడిగా 100 టెరాబైట్ల ప్రాథమిక హద్దును ప్రకటించింది. ఆ నిర్ణయం ఆ సంస్థ హక్కు. తమ దత్తాంశం అంతటినీ ఒక్క ఉచిత సేవకు అప్పగించిన విశ్వవిద్యాలయాలు మాత్రం ఆలోచనలో పడవలసి వచ్చింది.

పంపే మార్గాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఒక టెరాబైట్‌ను సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో పంపడానికి 22 గంటలు పడుతుంది. 10 మెగాబిట్ల వేగమే ఉన్న మారుమూల పరిశోధనా స్థానం నుండి తొమ్మిది రోజులకు పైగా పడుతుంది. అటువంటి చోట హార్డ్‌డిస్క్‌ను కవరులో పెట్టి మనిషితో పంపడమే నేటికీ వేగవంతమైన మార్గం. దానిలో చిన్నతనమేమీ లేదు; పంపే ముందు ఒక ప్రతి స్థానంలో ఉంచుకోవడమే ముఖ్యం.

నిల్వ: మూడు ప్రతులు, రెండు మాధ్యమాలు, ఒకటి వేరే ఊరిలో

1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తి వేలాది ప్రాణాలను బలిగొన్నది. ఆ తరువాత వరద నివారణ పథకం రూపొందించడానికి వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యకు పరీవాహక ప్రాంతంలోని వర్షపాత నమోదులు, చెరువుల వివరాలు ఆధారమయ్యాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు ఆ కృషి ఫలితాలే. నూటపన్నెండేళ్ల తరువాత, 2020 అక్టోబరు 13, 14 తేదీల వర్షానికి పాతబస్తీలోని చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా పరిసర కాలనీలు మళ్లీ నీట మునిగాయి. ఈ నగరంలో కింది అంతస్తులో సర్వర్ గది కట్టే ఏ సంస్థ అయినా ఈ రెండు తేదీలను గుర్తుంచుకోవాలి. రెండు ప్రతులు ఉన్నా రెండూ ఒకే భవనంలో ఉంటే ప్రమాదవేళ అవి ఒకే ప్రతితో సమానం.

ప్రమాదం నీటితోనే రానక్కరలేదు. 2021 మార్చిలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఒక దత్తాంశ కేంద్రం అగ్నికి ఆహుతై, వేరేచోట ప్రతి ఉంచుకోని ఎందరో ఖాతాదారులు తమ సర్వస్వం కోల్పోయారు. అదే ఏడాది డిసెంబరులో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయపు సూపర్ కంప్యూటర్ నుండి సుమారు 77 టెరాబైట్ల పరిశోధన దత్తాంశం చెరిగిపోయింది. నిప్పూ నీరూ దానికి కారణం కాదు. బ్యాకప్ తీయవలసిన ప్రోగ్రాములో చేసిన మార్పులోని లోపం. బ్యాకప్ ఉన్నదనుకోవడం వేరు, దానిని ఏడాదికి ఒకసారైనా తిరిగి తెరిచి సరిచూడడం వేరు. ఒక డిస్క్ పాడైతే మరొకటి ఆదుకునేలా సర్వర్‌లో అమర్చిన డిస్కుల వరుస కూడా బ్యాకప్ కాదు. పొరపాటున చెరిపిన దస్త్రం ఆ డిస్కులన్నిటిలోనూ ఒకేసారి చెరిగిపోతుంది.

అందువలన మూడు ప్రతులు, రెండు వేర్వేరు మాధ్యమాలు, ఒక ప్రతి వేరే ఊరిలో అన్న పాత నియమమే ఉత్తమం. తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఇది కష్టం కాదు. రాజేంద్రనగర్, జగిత్యాల, వరంగల్, పాలెం వంటి స్థానాలు ఇప్పటికే ఉన్నాయి; ఒకదాని ప్రతిని మరొకటి భద్రపరచవచ్చు. ఎక్కువకాలం కదపనక్కరలేని పెద్ద దస్త్రాలకు అయస్కాంత టేపు నేటికీ చౌకైన, మన్నికైన మాధ్యమం.

నిల్వ ఎంత భద్రమైనా చదవలేని దత్తాంశం నిరుపయోగమే. ఎక్సెల్ వంటి సాఫ్ట్‌వేర్ “3-2” అని రాసిన మడి సంఖ్యను తేదీగా మార్చివేసిన అనుభవం విద్యార్థులందరికీ ఉన్నదే. ఇటువంటి మార్పుల బెడద వలన 2020లో మానవ జన్యువుల నామకరణ సంఘం కొన్ని జన్యువుల పేర్లనే మార్చవలసి వచ్చింది. మూల దత్తాంశాన్ని సాదా పాఠ్య పట్టికగా ఉంచి, దానితోపాటు ఒక వివరణ పత్రం చేర్చాలి. ప్రతి నిలువు వరుస అర్థం, కొలమానం, మడి విస్తీర్ణం, వంగడం, విత్తిన తేదీ, కోత తేదీ, గింజ తేమ శాతం, కొలిచినవారి పేరు అందులో ఉండాలి. “దిగుబడి 4.2” అన్న సంఖ్య పక్కన హెక్టారుకు టన్నులా, మడికి కిలోలా అన్నది లేకపోతే పదేళ్ల తరువాత ఆ సంఖ్యకు అర్థమే ఉండదు.

రైతు వివరాల బాధ్యత

విస్తరణ శాస్త్రవేత్తల దత్తాంశాలకు మరో కోణం ఉంది. కృషి విజ్ఞాన కేంద్రాల సర్వేలలో రైతు పేరు, ఫోను సంఖ్య, సర్వే నంబరు, అప్పుల వివరాలు ఉంటాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టం ఇటువంటి సమాచారం విషయంలో సంస్థలపై స్పష్టమైన బాధ్యతలు మోపింది. పేరు, ఫోను ఉన్న పట్టికను విడిగా, తాళంతో దాచి, విశ్లేషణకు సంకేత సంఖ్యలున్న పట్టికను మాత్రమే వాడడం తేలికైన పద్ధతి. వాట్సాప్ బృందాలలో తిరిగే సర్వే పట్టికలు ఏ నిల్వ విధానం కిందికీ రావు. రైతు తన అప్పు సంగతి శాస్త్రవేత్తను నమ్మి చెబుతాడు. ఆ నమ్మకం చెదిరితే మరుసటి సర్వేలో నిజమైన జవాబు రాదు. కాబట్టి దత్తాంశ భద్రత విస్తరణ సేవలోనే భాగం.

రెండు ఆక్షేపణలు

ఈ ప్రతిపాదనపై రెండు ఆక్షేపణలు వినవస్తాయి; రెండింటిలోనూ కొంత న్యాయం ఉంది. ఉమ్మడి వనరు అంటే ఎవరిదీ కాని వనరు అవుతుందని, అవసరమైన వేళ వరుసలో నిలబడవలసి వస్తుందని మొదటిది. సొంత యంత్రం ఉన్న శాస్త్రవేత్త వేగంగా పని ముగించగలరన్నది నిజం. అందుకే ఉమ్మడి వనరుకు వ్రాతపూర్వక నియమాలు, కేటాయించిన సిబ్బంది తప్పనిసరి. అవి లేనిచోట ఉమ్మడి సర్వర్ కూడా మూలన పడిన పంపుసెట్టులాగే మిగులుతుంది.

నిధుల నియమాలు నిల్వకు, సిబ్బందికి అనుకూలంగా లేవన్నది రెండవది. పరికరం కొనడానికి ఒక్కసారి నిధులు దొరుకుతాయి. ఏటేటా చెల్లించవలసిన క్లౌడ్ రుసుముకో, దత్తాంశ సంరక్షకుని జీతానికో పద్దు దొరకదు. మార్చి ముగిసేలోగా నిధులు ఖర్చుచేయాలన్న ఒత్తిడి కూడా యంత్రాల కొనుగోలు వైపే నెడుతుంది. ఇది శాస్త్రవేత్తల తప్పు కాదు, విధాన లోపం. ప్రతి ప్రాజెక్టు నుండి చిన్న వాటాను ఉమ్మడి నిల్వ నిధికి మళ్లించే అధికారాన్ని విశ్వవిద్యాలయ పాలక మండళ్లే కల్పించాలి. నిధులిచ్చే సంస్థలు కూడా దత్తాంశ సంరక్షణను అనుమతించదగిన వ్యయంగా స్పష్టంగా పేర్కొనాలి.

చేయదగిన పనులు

వీటిలో కొన్నింటికి కొత్త నిధులు అవసరం లేదు. సిద్ధాంత గ్రంథంతోపాటు మూల దత్తాంశాన్ని, వివరణ పత్రాన్ని గ్రంథాలయంలో సమర్పించనిదే పట్టా మంజూరు చేయకూడదన్న నియమాన్ని పెట్టవచ్చు. పరిశోధనా స్థానాలలో పాతబడుతున్న ఫీల్డ్ బుక్కులను, వర్షపాత రిజిస్టర్లను స్కాన్ చేసే పనిని ఈ వేసవిలోనే మొదలుపెట్టవచ్చు. చెదలు పట్టిన పుటను ఏ సూపర్ కంప్యూటరూ చదవలేదు. బదిలీ లేదా పదవీ విరమణ వేళ ఇతర ఆస్తులతోపాటు దత్తాంశాలను అప్పగించే పట్టికను చేర్చవచ్చు. నిధులు కావలసిన పనులలో ప్రథమ స్థానం ఒక శాశ్వత దత్తాంశ సంరక్షకుని పదవికి దక్కాలి. తరువాత రెండు ఊళ్లలో ఉమ్మడి నిల్వ. ఆ తరువాత కళాశాలకు రెండు మంచి వర్క్‌స్టేషన్లు. సొంత సర్వర్ కోరే విభాగం, ఏడాదిలో ఎన్ని రోజులు దానిని వాడుతుందో లెక్క చూపి ఆ తరువాతనే కోరాలి.

నిజామియా వేధశాల సంపుటాలను అచ్చువేసినవారికి శతాబ్దాంతంలో ఒక ఉపగ్రహం తమ కొలతల కోసం వెతుకుతుందని తెలియదు. ఈ వానాకాలం కంది మడిలో పూత తేదీ నమోదు చేస్తున్న విద్యార్థికి కూడా ఆ తేదీ 2070లో ఏ ప్రశ్నకు జవాబు అవుతుందో తెలియదు. వాతావరణం మారుతున్న ఈ రోజుల్లో ఆ ప్రశ్న తప్పక వస్తుంది. అప్పటికి నేటి యంత్రాలలో ఒక్కటీ మిగలదు. ఆ తేదీ మిగలాలంటే దానిని ఎక్కడ, ఎలా, ఎవరి బాధ్యతలో ఉంచాలో ఈ ఏడాది బడ్జెట్‌లోనే నిర్ణయం కావాలి.